ఓడింది ఈస్ట్ బెంగాల్, అన్నం మానేసింది మా ఆయన

ప్రశ్న: మాది ఖరగ్‌పూర్. మా మామగారి తండ్రి రైల్వే వర్క్‌షాపులో పని దొరికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను రాజమండ్రి నుంచి ఈ ఇంటి కోడలిగా వచ్చాను. మా వారు నెమ్మదైన మనిషి, గట్టిగా ఒక మాట అనరు. కానీ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజు ఆయన వేరే మనిషి. ఓడితే అన్నం ముట్టరు, రెండు రోజులు మాట్లాడరు. 2023లో డ్యూరాండ్ కప్పులో మోహన్ బగాన్‌పై గెలిచిన రాత్రి ఇలిష్ చేప తెచ్చి వాడకట్టంతా పంచారు. మూడు వారాల తర్వాత అదే కప్పు ఫైనల్లో ఓడిపోతే రిమోట్ తీసి గోడకేసి కొట్టారు. కింది వాటాలో ఉండే దాదా మోహన్ బగాన్ మనిషి. ఇద్దరూ ఇరవై ఏళ్ల స్నేహితులు. ఇటీవల ఒక పెనాల్టీ గురించి మాటా మాటా పెరిగి ఇప్పుడు మెట్లమీద ఎదురుపడినా పలకరించుకోవడం లేదు.

అసలు సమస్య మా బాబుది. వాడికి పదకొండేళ్లు. ఈ మధ్య బడిసంచికి ఆకుపచ్చ, మెరూన్ రంగుల స్టిక్కరు అంటించుకుని వచ్చి తాను మోహన్ బగాన్ అన్నాడు. వాడి ప్రాణస్నేహితుడు ఆ జట్టేనట, పైగా వాళ్లే గెలుస్తున్నారట. మా వారు ఏమీ అనలేదు. ‘మా నాన్న ఉంటే ఏమనేవారో’ అని లేచి వెళ్లిపోయారు. వారం నుంచి బాబుతో ముభావంగా ఉన్నారు. కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియానికి తీసుకెళ్లి మన గ్యాలరీ చూపిస్తే వాడే మారతాడని ఇప్పుడు పట్టుబడుతున్నారు. మనం బెంగాలీలమే కాదు, మనకు తూర్పు ఏమిటి, పడమర ఏమిటి అంటే ‘నీకు అర్థం కాదు’ అంటారు. ఆయనకు బీపీ కూడా ఉంది. ఇది జబ్బా? టీవీ కనెక్షన్ తీయించేయమంటారా? బాబును స్టేడియానికి పంపవచ్చా?

— ఒక పాఠకురాలు, ఖరగ్‌పూర్

సమాధానం: జబ్బు కాదమ్మా. టీవీ తీయించకండి. తీయిస్తే ఆయన ఏ టీ దుకాణం ముందో నిలబడి చూస్తారు, అక్కడ ఆయన బీపీ మాత్రల సంగతి కనిపెట్టేవాళ్లు ఉండరు.

మీరు ఆయన మ్యాచ్ రోజుల గురించి నాలుగు వాక్యాలు రాశారు. ‘మా నాన్న ఉంటే ఏమనేవారో’ అన్న మాటను మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. మీ ఇంటి కథంతా ఆ వాక్యంలోనే ఉందని నాకు అనిపిస్తోంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ రెండు క్లబ్బుల వైరం ఎలా పుట్టిందో మీకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు. మోహన్ బగాన్ 1889లో మొదలైంది. 1911 జులై 29న ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించింది. ఒక్కరు తప్ప జట్టంతా బూట్లు లేకుండా ఆడి, తెల్లదొరల సైనిక జట్టును కలకత్తా నడిబొడ్డున ఓడించడం అది. ఆ ఒక్క మధ్యాహ్నంతో మోహన్ బగాన్ ఆటల క్లబ్బు స్థాయిని దాటిపోయింది. ఇక ఈస్ట్ బెంగాల్ పుట్టింది అవమానంలోంచి. 1920 జులై 28న జోడాబగాన్ అనే క్లబ్బుకు మోహన్ బగాన్‌తో మ్యాచ్ ఉంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి జట్టు నుంచి తప్పించారు. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురీ కూడా తూర్పువాడే. ఆయన అడిగారు, వాళ్లు వినలేదు, ఆయన బయటికి వచ్చేశారు. ఆగస్టు 1కల్లా కొత్త క్లబ్బు సిద్ధమైంది. పేరు కూడా దాపరికం లేకుండా ఈస్ట్ బెంగాల్ అనే పెట్టుకున్నారు. 1925 మే 28న కలకత్తా లీగులో ఇద్దరూ తొలిసారి ఎదురుపడితే గెలిచింది ఈ కొత్తవాళ్లే, 1-0తో.

అప్పటికి ఇది ఊళ్లో రెండు వర్గాల పంతం మాత్రమే. 1947 దాన్ని మార్చేసింది. దేశం విడిపోయాక ఇల్లూ పొలమూ సరిహద్దుకు అవతల వదిలేసి లక్షలమంది కలకత్తాకు వచ్చిపడ్డారు. కాందిశీకుల కాలనీల్లో, అరకొర గదుల్లో, యాసను వెక్కిరించే నగరంలో వాళ్లకు తమ ఊరి పేరుతో మిగిలింది ఒక ఫుట్‌బాల్ జట్టు. పశ్చిమాన ముందునుంచీ ఉన్నవాళ్లు ఘోటీలు, వాళ్లది మోహన్ బగాన్. తూర్పు నుంచి వచ్చినవాళ్లు బాంగాళ్లు, వాళ్లది ఈస్ట్ బెంగాల్. ఘోటీ గెలిస్తే ఇంట్లో రొయ్యలు, బాంగాల్ గెలిస్తే ఇలిష్. మ్యాచ్ అయిన మర్నాడు చేపల బజారులో ధర చూసి ఎవరు గెలిచారో చెప్పవచ్చని అక్కడ వేళాకోళం ఆడతారు. రాజమండ్రి ఆడపడుచుకు ఇలిష్ గురించి నేను చెప్పేదేముంది! గోదావరి ఎదురెక్కితే పులస, గంగ ఎదురెక్కితే ఇలిష్. పుస్తెలమ్మి అయినా పులస తినమన్న ఊరి నుంచి వెళ్లిన మీకు ఆ చేప మీద వాళ్లకున్న పిచ్చి ఒక్కటైనా అర్థమై ఉంటుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబానికి తూర్పు బెంగాల్‌తో ఏమిటి సంబంధం? రక్తసంబంధం ఏమీ లేదు. కానీ బెంగాల్‌లో పెరిగిన తెలుగు రైల్వే కుర్రాణ్ణి ఒకసారి ఊహించుకోండి. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. ‘నువ్వు ఘోటీవా, బాంగాలువా’ అని తోటి పిల్లలు అడిగితే రెండూ కాదని చెప్పాలి. అంటే ఆటకే రావద్దని. వాడు ఎక్కడో ఒకచోట చేరాలి. చేరేటప్పుడు ఎక్కడి నుంచో వచ్చినవాళ్ల జట్టులో చేరడం వింతేమీ కాదు. పైగా ఆ రోజుల్లో ఆ జట్టును మోసిందెవరో తెలుసా? 1940ల చివర, 50ల మొదట్లో ఈస్ట్ బెంగాల్ ముందువరసలో ఆడిన అయిదుగురిని పంచపాండవులు అనేవారు. అహ్మద్ ఖాన్, వెంకటేశ్, సాలే, ధన్‌రాజ్, అప్పారావు. పేర్లు చదవండి. ఒక్కరూ బెంగాలీ కాదు, అందరూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల తర్వాత 1957లో సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరాం వెళ్లారు. అంతకు ముందు ఏడాదే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న భారత జట్టులో ఆడిన మనిషి. ఆయన ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ కూడా అయ్యారు.

రేడియోలో అప్పారావు అన్న పేరు వినిపించినప్పుడు పరాయి ఊరి క్వార్టర్సులో ఉన్న తెలుగువాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. మీ మామగారిని పట్టుకున్నది ఏ పేరో నేను చెప్పలేను. మీ వారిని అడగండి. ఇన్నేళ్ల కాపురంలో మీరు ‘ఎందుకంత పిచ్చి’ అని అడిగి ఉంటారు, ‘ఎలా మొదలైంది’ అని అడిగి ఉండరు. మొదటి ప్రశ్నకు ‘నీకు అర్థం కాదు’ అన్నదే జవాబు. రెండో ప్రశ్న వేస్తే ఆయన రెండు గంటలు చెబుతారు. వినండి. మధ్యలో కాఫీ కలపడానికి లేచినా ఏమీ అనుకోరు.

ఇక తర్కం సంగతి. పదకొండుమంది ఆటగాళ్లలో ఒక్కడూ మన చుట్టం కాడు. ఈ ఏడాది ఈ జెర్సీ వేసుకున్నవాడు వచ్చే ఏడాది అవతలి జెర్సీ వేసుకుంటాడు. గెలిస్తే మనకు రూపాయి రాదు. ఇవన్నీ ఆయనకు తెలియనివి కావు. ప్రతి అభిమానికీ తెలుసు, తెలిసే ఏడుస్తాడు. కాబట్టి ఓడిన రాత్రి ‘దాని వల్ల మనకు ఒరిగేదేమిటి’ అని అడగకండి. మన తెలుగువాళ్లం ఈ విషయంలో పెద్దమనిషి తరహా చూపించడం కూడా బాగుండదు. హీరో ఫ్లెక్సీకి పాలాభిషేకం చేసి, మొదటి ఆటకు చొక్కాలు చింపుకునే జాతి మనది. ఆ మాటకొస్తే ఫుట్‌బాల్ అభిమానే నయం. హీరో సినిమా పోతే దర్శకుణ్ణి తిట్టి ఊరుకోవచ్చు, వాడికి ఆ వెసులుబాటు కూడా లేదు.

మీరు రాయలేదు గానీ ఒకటి గమనించండి. ఓడినప్పుడు ఆయన ‘వాళ్లు ఓడిపోయారు’ అంటారా, ‘మనం ఓడిపోయాం’ అంటారా? రాబర్ట్ చాల్దీనీ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1976లో కాలేజీ విద్యార్థుల మీద జరిపిన పరిశోధన ఒకటి ప్రసిద్ధం. తమ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం కాలేజీ పేరున్న దుస్తులు ఎక్కువమంది వేసుకొచ్చారు. గెలిచిన మ్యాచ్ గురించి చెప్పేటప్పుడు ‘మేము’ అన్నారు, ఓడిన మ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి ఆ ‘మేము’ తగ్గిపోయింది. మామూలు మనుషులం మనమంతా ఇంతే. ఓడినా ‘మనం’ అనే మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆ మొండితనంలో కొంత మంచి కూడా ఉంది. ఈస్ట్ బెంగాల్‌వాళ్లు గత కొన్నేళ్లుగా పడ్డది సామాన్యమైన కష్టం కాదు. 2019 జనవరిలో గెలిచిన తర్వాత డెర్బీలో, అంటే ఈ రెండు జట్ల పోరులో, మళ్లీ గెలవడానికి 2023 ఆగస్టు 12 దాకా ఆగాల్సి వచ్చింది. నాలుగున్నరేళ్లు! మీరు చెప్పిన ఇలిష్ విందు ఆ రోజుదే. నందకుమార్ కొట్టిన ఒక్క గోలు కోసం ఆయన అంతకాలం కాచుకున్నారు. అటు తర్వాత సెప్టెంబరు 3న ఫైనల్లో, ఎర్రకార్డు పడి పదిమందితో ఆడుతున్న మోహన్ బగాన్ చేతిలో పెట్రాటోస్ గోలుతో ఓడిపోవడం! రిమోట్ విసరడాన్ని నేను సమర్థించను, కానీ ఆ చెయ్యి ఎందుకు లేచిందో నాకు తెలుసు.

బాధపడే హక్కు ఆయనది. దాన్ని ఎవరి మీద దించుకుంటారన్నది మాత్రం ఇంటి వ్యవహారం, అక్కడ మీరు గట్టిగా ఉండండి. అన్నం మానేస్తే మానేయనివ్వండి, బతిమాలకండి. ఒక పూట ఉపవాసం ఎవరినీ చంపదు, గిన్నెలో పెట్టి మూతపెడితే అర్ధరాత్రి ఆయనే తింటారు. కానీ వస్తువులు విసరడం ఇంట్లో కుదరదని, మ్యాచ్ లేని రోజున, గెలిచిన వారంలో అయితే మరీ మంచిది, సూటిగా చెప్పండి. ఓడిన రాత్రి చెప్పకండి. వస్తువుల మీది కోపం మనుషుల మీదికి మళ్లిన రోజున అది ఫుట్‌బాల్ సమస్యగా ఉండదు, అప్పుడు క్షణం ఆలోచించకుండా పుట్టింటివాళ్లకూ పెద్దలకూ చెప్పాలి, అవసరమైతే పోలీసులకు కూడా. మీ ఉత్తరంలో అలాంటి జాడ లేదు, అయినా చెప్పి ఉంచుతున్నాను.

ఈ పిచ్చిని ముద్దుగా చూసి నవ్వేసేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు. 1975 సెప్టెంబరు 30న షీల్డ్ ఫైనల్లో మోహన్ బగాన్ ఈస్ట్ బెంగాల్ చేతిలో 5-0తో ఓడింది. ఆ అవమానం భరించలేక ఒక యువ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్ జరుగుతుండగా గ్యాలరీలో గొడవ రేగి తొక్కిసలాట అయింది. ఆట చూడటానికి వెళ్లిన 16 మంది ఇంటికి తిరిగి రాలేదు. కలకత్తాలో ఇప్పటికీ ఏటా ఆ రోజున వాళ్లను తలచుకుని రక్తదానం చేస్తారు. మీ వారు ఆ తారీఖు ఎరుగని మనిషి అయి ఉండరు. మీ వారి మౌనం రెండు రోజులు దాటి వారాలకు సాగితే, ఉద్యోగానికి వెళ్లకపోతే, బతుకు మీద విరక్తి మాటలు వస్తే, అప్పుడు జట్టు సంగతి పక్కనపెట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఇప్పటికి ఆ అవసరం కనిపించడం లేదు.

బీపీ విషయంలో మాత్రం ఇప్పుడే జాగ్రత్తపడండి. 2006 ప్రపంచకప్పు జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ పరిసరాల వైద్యులు లెక్క తీశారు. జర్మనీ మ్యాచ్ ఉన్న రోజుల్లో గుండె అత్యవసర కేసులు మామూలు రోజులకంటే రెండున్నర రెట్లకు పైగా పెరిగాయి. అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. డెర్బీ రోజు మాత్ర మరచిపోకుండా వేయించండి. సిగరెట్లు, మందు ఉంటే ఆ సాయంత్రం వద్దనండి. ఛాతీలో బరువు, ఎడమచెయ్యి లాగడం, చెమటలు పట్టడం కనిపిస్తే ‘ఆట అయ్యాక చూద్దాం’ అన్న మాట వినవద్దు. డాక్టరు దగ్గర ఈసారి మ్యాచ్‌ల సంగతి కూడా చెప్పండి. ఖరగ్‌పూర్ డాక్టరు కదా, నవ్వరు. తనది ఏ జట్టో చెప్పవచ్చు కూడా.

కింది వాటా దాదా గొడవ చిన్నది, త్వరగా తేలుతుంది. అమెరికాలో 1951లో రెండు కాలేజీల మధ్య జరిగిన మొరటు మ్యాచ్ ఫిల్మును ఇద్దరు పరిశోధకులు ఇరుపక్షాల విద్యార్థులకూ చూపించారు. అదే ఫిల్ము. ప్రిన్స్‌టన్ విద్యార్థులకు డార్ట్‌మౌత్ ఆటగాళ్ల తప్పులు, డార్ట్‌మౌత్‌వాళ్లకు కనిపించినదానికి రెట్టింపు కనిపించాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు, వాళ్ల కళ్లకు అలాగే కనిపించింది. మీ వారికి ఆ పెనాల్టీ తప్పు, దాదాకు ఒప్పు. ఇద్దరూ చచ్చేదాకా అలాగే చూస్తారు. వాళ్లను ఒప్పించే పని పెట్టుకోకండి. దాదా భార్యా మీరూ కలిసి ఏ పండుగ పూటో రెండు వంటలూ చేయండి, రొయ్యలు వాళ్లింట్లో, చేప మీ ఇంట్లో. గిన్నెలు మార్చుకోవడానికి మగవాళ్లిద్దరినీ మెట్లెక్కించండి. మిగతాది వాళ్లే చూసుకుంటారు. పోట్లాడటానికి అవతలి జట్టు మనిషి లేకపోతే వీళ్లకు పొద్దుపోదు.

ఇక బాబు. మీ వారికి తగిలిన దెబ్బ మోహన్ బగాన్ పేరు వల్ల తగిలింది కాదని నా అనుమానం. తండ్రి తనకిచ్చిన ఆస్తుల్లో ఆ జట్టు ఒకటి. క్వార్టర్సు రైల్వేది, ఉద్యోగం విరమణతో పోయేది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి చేతులు మారగలిగినది ఈ ఎరుపు, బంగారు రంగుల జెర్సీ. వాడు దాన్ని వద్దన్నాడు. అందుకే ఆయన అరవలేదు, లేచి వెళ్లిపోయారు. అరిచి ఉంటే నాకింత పట్టేది కాదు.

అలాగని వాణ్ణి బలవంతంగా మార్చడం తప్పు, మారడు కూడా. పదకొండేళ్లవాడు స్నేహితుడి కోసం, గెలిచే జట్టు కోసం వెళ్లడంలో ద్రోహమేమీ లేదు. ఇండియన్ సూపర్ లీగ్ షీల్డును మోహన్ బగాన్ 2024లో ఒకసారి, 2025లో మరోసారి గెలిచింది, రెండోసారి కప్పు కూడా పట్టుకుపోయింది. ఆ వయసువాడికి ఇంకేం కావాలి? ఈ జట్ల విషయంలో పుట్టుక ఎప్పుడూ కట్టుబాటు కాలేదని మీ వారికి గుర్తుచేయండి. మోహన్ బగాన్ రక్షణకు చైనా గోడ అని పేరు తెచ్చుకున్న గోష్ఠ పాల్ పుట్టింది తూర్పు బెంగాల్ ఫరీద్‌పూర్‌లో. ఆ క్లబ్బును తప్ప మరో క్లబ్బును ఎరగని చునీ గోస్వామి పుట్టింది కిశోర్‌గంజ్‌లో, అదీ తూర్పే. పుట్టుకే నియమమైతే మోహన్ బగాన్ గోడమీద ఆ ఇద్దరి ఫొటోలూ దించేయాలి, మీ ఇంట్లో ఈస్ట్ బెంగాల్ జెర్సీ కూడా మడిచి పెట్టేయాలి. మీ వారి తండ్రి తన జట్టును తానే ఎంచుకున్నారు. మనవడు చేసింది కూడా అదే పని. ఈ మాట మీరు చెబితే ఆయన ఒప్పుకోకపోవచ్చు, కానీ ఆ రాత్రి నిద్రపట్టదు, అది చాలు.

ఆయన దానికీ అడ్డం చెబితే హబీబ్ పేరెత్తండి. హైదరాబాదు మహమ్మద్ హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు, మోహన్ బగాన్‌కు ఆడారు, మహమ్మదన్ స్పోర్టింగ్‌కూ ఆడారు. 1977లో పెలే జట్టు కాస్మోస్ ఈడెన్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టినవాళ్లలో ఆయన ఒకరు. ఆయన తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బగాన్ జెర్సీతో ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లలో గోలు కొట్టాడు, గ్యాలరీలో సగంమంది ఇంకా కూర్చోనేలేదు. అయినా హబీబ్‌ను ‘బడే మియా’ అని తలచుకోని ఈస్ట్ బెంగాల్ అభిమాని ఉంటే చూపించమనండి.

బాబుకు కూడా రెండు మాటలు చెప్పాలి, అవి మీరే చెప్పండి. స్టిక్కరు ఉంచుకోవచ్చు. నాన్న జట్టు ఓడిన రాత్రి మాత్రం ఇంట్లో ఎగతాళి వద్దు. కావాలంటే స్నేహితుడి ఇంటికి వెళ్లి గెంతవచ్చు. ఎగతాళి ఎలా తిరిగొస్తుందో వాడికి 1997 జులై 13 కథ చెప్పండి. ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్, సాల్ట్‌లేక్‌లో 1,31,781 మంది జనం. మ్యాచ్‌కు ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ల పేర్లతో వేళాకోళం ఆడారు. ఒమోలోను ఆమ్లెట్ అన్నారు, బైచుంగ్ భూటియాను ‘చుంగ్ చుంగ్’ అన్నారు. అవతలి కోచ్ పి.కె. బెనర్జీ తన కుర్రాళ్లను రెచ్చగొట్టడానికి వేరే ప్రసంగమే అక్కర్లేకపోయింది. బైచుంగ్ మూడు గోల్స్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఈ కథ మీకంటే మీ వారు బాగా చెబుతారు. ఆయన చేతనే చెప్పించండి, వారం రోజుల ముభావం అక్కడితో సడలవచ్చు.

స్టేడియానికి పంపండి. మారడం కోసమని కాకుండా చూడటం కోసం పంపండి, ఆ షరతు ముందే పెట్టండి. తండ్రితో ఈస్ట్ బెంగాల్ గ్యాలరీలో కూర్చునేటప్పుడు బాబు ఆకుపచ్చ, మెరూన్ వేసుకోకూడదు. ఆ రోజుకి ఏ రంగూ లేని మామూలు చొక్కా వేయండి. గోలు పడితే ఎటు పడిందో చూసుకుని అరవమనండి. జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. గొడవ మొదలైతే ఫలితం కోసం ఆగకుండా బయటికి నడవాలని మీ వారి చేత మాట తీసుకోండి. 2012 డిసెంబరు 9న ఇదే స్టేడియంలో గ్యాలరీ నుంచి వచ్చిన రాయి మోహన్ బగాన్ ఆటగాడు రహీం నబీకి తగిలి, రెండో సగం ఆటే జరగలేదు. అలాంటి రోజులు అరుదు, కానీ ఉన్నాయి. ఆట ముగియగానే ద్వారాల దగ్గర తోపులాటలో పడకుండా కాసేపు కూర్చుని జనం పలచబడ్డాక లేవండి. హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కు రాత్రి రైళ్ల వేళలు ముందే చూసుకోండి.

ఒకవేళ మీకు ఇంకా భయంగా ఉంటే 2024 ఆగస్టు 18 ఫొటోలు తీసి చూడండి. ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగి నగరం అట్టుడుకుతోంది. పోలీసులను ఇవ్వలేమన్న కారణంతో ఆ రోజు జరగాల్సిన డ్యూరాండ్ డెర్బీని రద్దు చేశారు. ఆట లేదు, అయినా అభిమానులు సాల్ట్‌లేక్ స్టేడియం ముందుకు వచ్చారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ మూడు జెర్సీలూ పక్కపక్కనే నిలబడి న్యాయం కావాలన్నాయి, లాఠీదెబ్బలు కూడా కలిసే తిన్నాయి. బ్రిటన్‌లో మార్క్ లెవైన్ అనే పరిశోధకుడు 2005లో ప్రచురించిన ప్రయోగం ఒకటి దీనికి దగ్గరగా ఉంటుంది. మాంచెస్టర్ యునైటెడ్ అభిమానుల ముందు ఒక మనిషి కాలుజారి పడతాడు. ఒంటిమీద సొంత జట్టు చొక్కా ఉంటే పరుగున వెళ్లి లేపారు, లివర్‌పూల్ చొక్కా ఉంటే అంతగా పట్టించుకోలేదు. కానీ ముందుగా వాళ్లచేత ‘ఫుట్‌బాల్ అభిమాని’ అనే కోణంలో నాలుగు మాటలు మాట్లాడించి అదే నాటకం ఆడితే, లివర్‌పూల్ చొక్కావాణ్ణి కూడా లేపారు. ఏ జట్టు చొక్కా లేనివాడికి మాత్రం రెండుసార్లూ పెద్దగా సాయం దొరకలేదు.

ఆ చివరి ముక్క చదివాకే మీకు ఇంకో సలహా ఇవ్వాలనిపించింది. టికెట్లు రెండు కాకుండా మూడు తీయించండి. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఏ చొక్కా లేని మనిషి మీరొక్కరే. మీరు కూడా వెళ్లండి. గ్యాలరీలో పక్కసీటు ఆవిడ మొదటి అయిదు నిమిషాల్లోనే ‘మీది ఏ జట్టు’ అని అడుగుతుంది. రాజమండ్రి అని చెబితే ఒప్పుకోదు, ఇంకేదైనా ఆలోచించుకుని వెళ్లండి.